ఇల్లు కడితే సాయం.. ఇల్లు కూలేలా ఉంటే నోటీసు

సొంత జాగా ఉండి ఇల్లు లేని పేద కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయలు ఇస్తోంది. అదే కుటుంబానికి తాత కట్టిన పాత ఇల్లు ఉండి, పైకప్పు పెచ్చులూడి, గోడ పగుళ్లిచ్చి ఉంటే వచ్చేది డబ్బు కాదు, నోటీసు. ఖాళీ చేయండి, లేదంటే సీల్ వేస్తాం అని. కొత్త ఇంటికి చేయి అందించే సర్కారు, ప్రమాదంలో ఉన్న పాత ఇంటి విషయంలో మాత్రం చేతులు దులుపుకుంటోంది. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతాన్ని చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది.

రోడ్డు మీద అద్దాలు.. వెనక గల్లీలో పగుళ్లు

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ నుంచి అమీర్‌పేట వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా అద్దాల ముఖాలు, అల్యూమినియం షీట్లు తొడిగిన బిల్డింగులే. షాపింగ్ మాల్స్, ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ అందులోనే. పాత బిల్డింగుకే ముందు వైపు షీట్లు కొట్టి కొత్తదానిలా చూపించినవీ ఉన్నాయి. అదే రోడ్డుకు నాలుగు అడుగులు లోపలికి వెళ్తే 40, 50 గజాల ఇళ్లు. రేకుల కప్పులు, పాత స్లాబులు, ఒకే ఇంట్లో మూడు నాలుగు కుటుంబాలు.

గోడకు తొడిగే షీట్లు అందానికే అనుకుంటారు చాలామంది. రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే రకానికి నిప్పంటుకుంటే మంట గోడ వెంట నిమిషాల్లో పైకి పాకుతుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. దుబాయ్‌లోని టార్చ్ టవర్ 2015లో ఒకసారి, 2017లో మరోసారి తగలబడింది. 2015 డిసెంబర్ 31 రాత్రి అడ్రస్ హోటల్ మంటల్లో చిక్కుకోవడం ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాత యూఏఈ ఫైర్ రూల్స్‌ను గట్టిగా బిగించింది.

పైన తొడిగింది ఊడిపడినా ప్రాణం పోతుందని అమీర్‌పేట వాళ్లకు తెలుసు. 2019 సెప్టెంబర్ 22న వాన పడుతుంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నిలబడిన ఒక యువతిపై కాంక్రీట్ పెచ్చు ఊడిపడింది. ఆమె చనిపోయింది. అదే ఏడాది మే 24న సూరత్‌లోని తక్షశిల బిల్డింగులో మంటలు చెలరేగి కోచింగ్‌కు వచ్చిన 22 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. కోచింగ్‌లకు పేరుపడ్డ అమీర్‌పేటకు అంతకంటే పెద్ద హెచ్చరిక ఇంకేం కావాలి?

లండన్‌లో ఏం జరిగింది?

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అవి రంజాన్ రోజులు. సహరీ కోసం మేలుకుని ఉన్న ముస్లిం కుటుంబాలు పొగ చూసి పక్కింటివాళ్ల తలుపులు తట్టి లేపిన సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మంట అంత వేగంగా పాకడానికి కారణం, అంతకు ఏడాది ముందు రిపేర్ల పేరుతో టవర్‌కు తొడిగిన షీట్లే.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న ఒక్కటే. ఇలాంటి షీట్లున్న వేలాది ఫ్లాట్లకు వాటిని మార్చే ఖర్చు ఎవరిది? మొదట్లో ఆ బిల్లు ఫ్లాట్ ఓనర్ల మీదే పడింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు, బ్యాంకు లోన్ ఇవ్వదు. ఓనర్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2020లో ప్రభుత్వం 18 మీటర్లకు పైబడిన బిల్డింగుల కోసం వంద కోట్ల పౌండ్లతో ఒక ఫండ్ పెట్టింది. 2022లో వచ్చిన బిల్డింగ్ సేఫ్టీ చట్టం 11 మీటర్లు దాటిన బిల్డింగుల్లో అర్హులైన ఓనర్లపై షీట్లు మార్చే భారం వేయకూడదని తేల్చేసింది. కట్టిన కంపెనీలే ముందు బాధ్యత తీసుకోవాలి. కంపెనీ దొరక్కపోతే సర్కారు ఫండ్ ఉంది. పని నత్తనడకన సాగుతోందన్న విమర్శ అక్కడా ఉంది. కానీ సూత్రం స్పష్టం: తప్పు చేయనివాడి జేబుకు చిల్లు పడకూడదు.

ఇక్కడ ఆ సూత్రమే లేదు. తెలంగాణలో నివాస భవనం ఎత్తు 18 మీటర్లు, కమర్షియల్ అయితే 15 మీటర్లు దాటితేనే ఫైర్ ఎన్‌ఓసీ తప్పనిసరి. మధ్యతరగతి ఉండే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఈ లెక్కకు కిందే ఉంటాయి. వాటి గోడలకు ఏం తొడిగారో, మెట్ల కింద ఏం దాచారో అడిగే నాథుడు లేడు.

చనిపోయాక 5 లక్షలు

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు బలయ్యారు. అదే ఏడాది నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ కింద రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పైన కాపురముంటున్న తొమ్మిది మంది చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ పక్కనే గుల్జార్ హౌజ్‌లో పాత ఇంట్లో 17 మంది ప్రాణాలు పోయాయి. అందులో ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన ఇల్లు, బయటికి రావడానికి ఇరుకైన ఒకే దారి.

ఈ ఘటనల్లో రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో మృతుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చేదీ 5 లక్షలే. మనిషి పోయాక ఖజానా నుంచి వచ్చే డబ్బు, అతను బతికుండగా రెండో దారి తీయడానికి, పాత వైరింగ్ మార్చడానికి, కుంగిన స్లాబు తీసేయడానికి ఒక్క రూపాయి కూడా రాదు.

ప్రతి ఏటా వానాకాలం ముందు జీహెచ్‌ఎంసీ శిథిల భవనాల లెక్క తీస్తుంది. నోటీసులిస్తుంది, కొన్నింటిని ఖాళీ చేయిస్తుంది, కొన్నింటిని కూలుస్తుంది. రిపేర్‌కు వీలుందనుకుంటే బిల్డింగ్ గట్టిదనాన్ని ఇంజనీర్‌తో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెమ్మంటుంది. ఆ పరీక్ష ఖర్చు, రిపేర్ ఖర్చు, అప్పటిదాకా బయట కట్టే కిరాయి అన్నీ ఓనర్ నెత్తినే. అందుకే చాలా కుటుంబాలు నోటీసును మడిచి అల్మారాలో పెట్టి, ఈ వానాకాలం గడిస్తే చాలు యా అల్లా అనుకుంటూ ఆ ఇంట్లోనే పడుకుంటున్నాయి. వాళ్లకు భయం లేక కాదు, వేరే దారి లేక.

ఇందిరమ్మ లెక్క సిటీలో ఎందుకు కుదరడం లేదు?

సీఎం రేవంత్ రెడ్డి 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 ఇళ్ల చొప్పున మొదటి దశలో 4.5 లక్షల ఇళ్లు లక్ష్యం. అంతకుముందు బీఆర్‌ఎస్ సర్కారు 2023లో 3 లక్షల సాయంతో గృహలక్ష్మి తెచ్చింది. ప్రభుత్వం మారాక అది రద్దయింది. అంతకుముందు డబుల్ బెడ్‌రూం పథకంలో ప్రభుత్వమే కట్టి ఇచ్చేది. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు. కానీ పంజాగుట్టలో పనిచేసుకునే మనిషికి కొల్లూరు దూరం.

ఇప్పటి పథకంలో మంచి ఏమిటంటే, ఎవరి జాగాలో వాళ్లే తమకు నచ్చినట్టు కట్టుకోవచ్చు. కాంట్రాక్టర్ ప్రమేయం లేదు. చిక్కు ఏమిటంటే, ఈ రూల్స్ ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600కు మించకూడదు అన్నది అసలు షరతు. 40 గజాల జాగా అంటే 360 చదరపు అడుగులు. గోడ నుంచి గోడ దాకా కట్టినా 400 రాదు. ఈ గోడు విన్నాక 60 గజాలలోపు జాగా ఉన్న పట్టణ పేదలు గ్రౌండ్ ఫ్లోర్, పైన ఒక అంతస్తు కట్టుకోవడానికి వెసులుబాటు ఇచ్చారు. మంచి నిర్ణయమే. 75 గజాల వరకు జాగాలో ఒక రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే విడిగా పర్మిషన్ అక్కర్లేదన్న బీపాస్ చట్టం 2020 నుంచే ఉంది. రెండూ కలిస్తే చిన్న జాగా వాళ్లకు దారి తెరుచుకున్నట్టే.

కానీ ఇంకా మూడు అడ్డంకులున్నాయి.

మొదటిది డబ్బు చేతికొచ్చే తీరు. సాయం నాలుగు విడతల్లో వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష. అంటే పునాదికి ముందు డబ్బు సొంతంగా పెట్టాలి. 400 అడుగులకు 5 లక్షలంటే అడుగుకు 1,250 రూపాయలు. ఆ రేటుకు సిటీలో ఏ మేస్త్రీ ఒప్పుకోడు. మిగతాది అప్పే. వడ్డీ హరామ్ అని నమ్మే కుటుంబానికి ఫైనాన్స్ కంపెనీ దారి మూసుకుపోయినట్టే. మిగిలేది అమ్మీ గాజులు, గల్ఫ్‌లో ఉన్న భాయ్ పంపే పైసలు, లేదంటే ఎవరైనా ఇచ్చే కర్జె హసన్.

రెండోది కాగితం. సర్వేలో దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. జీహెచ్‌ఎంసీ పరిధిలో 10 లక్షలకు పైగా దరఖాస్తులొస్తే ఎల్-1లో చేరినవి బహు తక్కువ. కిరాయిదారులు ఎక్కువ కావడం ఒక కారణం. నోటరీ కాగితం మీద కొన్న జాగాలు మరో కారణం. సర్కారు జాగాలో 125 గజాల వరకు పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించే జీవో 58 వచ్చింది 2014లో. నోటరీ ఆస్తుల కోసం జీవో 84 వచ్చింది 2023లో. జీవో 84 కోర్టు దాకా వెళ్లింది. బస్తీల్లో కాగితం చిక్కు అలాగే ఉంది.

దీనికి తోడు విరాసత్ సమస్య. చాలా ఇళ్లు ఇంకా దాదా పేరు మీదే ఉన్నాయి. కొడుకులు, కూతుళ్ల హిస్సాలు పంచలేదు. ఫూఫీల వాటా తేలలేదు. ఎవరి పేరు మీదా లేని ఇంటికి రిపేర్ చేయించేవాడుండడు, పథకం కూడా రాదు. ఈ ఒక్క విషయంలో తప్పు సర్కారుది కాదు.

మూడోది అసలు సమస్య. శిథిలమైన పక్కా ఇల్లున్నవాడు ఏ జాబితాలోకి వస్తాడు? రేకుల ఇంటికి, మట్టి గోడల ఇంటికి పథకంలో చోటుంది. యాభై ఏళ్ల కిందటి స్లాబు కింద ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నవాడు మాత్రం కాగితం మీద పక్కా ఇంటి యజమాని. ఒక శాఖ అతని ఇల్లు ఉండటానికి పనికిరాదంటుంది, ఇంకో శాఖ నీకు ఇల్లుంది పో అంటుంది.

ప్యాలెస్‌కు దక్కిన న్యాయం

ఎర్రమంజిల్‌కు ఆ పేరు తెచ్చింది నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రమ్ మంజిల్ ప్యాలెస్. 2019 జూన్‌లో దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని అప్పటి ప్రభుత్వం శంకుస్థాపన కూడా చేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పాతదైనంత మాత్రాన కూల్చేయడమే మార్గం కాదని ఆ తీర్పుతో తేలింది. ప్యాలెస్‌కు దక్కిన ఆ న్యాయం దాని చుట్టూ ఉన్న 40 గజాల ఇళ్లకు ఎందుకు దక్కదు?

చేయాల్సింది కొండంత కాదు. జీహెచ్‌ఎంసీ శిథిలమని నోటీసిచ్చిన పేద ఇంటి యజమానిని ఇల్లు లేనివాడిగానే లెక్కించి ఎల్-1లో చేర్చాలి. పునాదికి మొదటి విడత ముందే, వడ్డీ లేకుండా ఇవ్వాలి. బిల్డింగ్ పరీక్ష ఖర్చు తెల్ల రేషన్ కార్డు వాళ్లకు కార్పొరేషనే భరించాలి. రోడ్డు మీది కమర్షియల్ బిల్డింగుల షీట్లు, అద్దాలు తనిఖీ చేసి, మార్చే ఖర్చు కట్టినవాళ్ల నుంచే రాబట్టాలి.

కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. తమ దరఖాస్తు ఏ జాబితాలో ఉందో కనుక్కోవాలి. ఎల్-3లో పడి ఉండి ఇంటికి శిథిల నోటీసు వచ్చి ఉంటే ఆ కాపీ జతచేసి మళ్లీ అర్జీ పెట్టాలి. హిస్సాలు బతికుండగానే తేల్చుకుని కాగితం మీదికి తేవాలి. అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగుల్లో రంగులు, లిఫ్టు గురించే కాకుండా మెట్ల దారి ఖాళీగా ఉందా, కింద గోడౌన్‌లో ఏముంది అని కూడా అడగాలి. బజార్‌ఘాట్‌లో ఆ ప్రశ్న ముందే గట్టిగా వినిపించి ఉంటే తొమ్మిది జనాజాలు లేచేవి కావేమో.