బరువు చూశారు, మోత చూడలేదు

"ఎనభై రెండు!"

ఆస్పత్రి వరండాలో బరువు చూసే మిషన్ పక్కన నిలబడ్డ అమ్మాయి ఆ అంకెని చీటీ మీద రాసి ఊరుకోలేదు. లోపల కూచున్న ఇంకో అమ్మాయికి వినపడేలా కేకేసి చెప్పింది. బెంచీల మీదున్న ఇరవై మందీ తలలు తిప్పి నన్ను చూశారు. అప్పుడు నేను చేసిన మొదటి పని పైట సర్దుకోవడం. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' మీద క్లాసులో గంటసేపు పాఠం చెప్పే నేను, స్త్రీవాద సాహిత్యం మీదే డాక్టరేట్ తీసుకున్న నేను, పైట సర్దుకుని తలొంచుకుని లోపలికి వెళ్ళాను.

డాక్టరుగారు నా మోకాలు చూడలేదు. చీటీ చూశారు. "ఎనభై రెండు కిలోలు మోస్తుంటే నొప్పి పెట్టక ఏం చేస్తుందమ్మా? ముందు ఓ ఇరవై కిలోలు తగ్గి రండి. అప్పుడు చూద్దాం" అన్నారు. నొప్పి బిళ్ళలు రాసిచ్చారు. మూడు నిమిషాల్లో బయట ఉన్నాను. అప్పుడు నాకు 33 ఏళ్ళు.

ఆ నెలలోనే అమ్మని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ బరువు 46 కిలోలు. రెండు మోకాళ్ళూ విల్లులా బయటికి వంగిపోయాయి. మెట్టు దిగాలంటే పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో కాలే దించుతుంది. ఆయన ఎక్స్‌రే చూసి "గుజ్జంతా అరిగిపోయింది. ఈ వయసులో మామూలేనమ్మా" అన్నారు. మళ్ళీ బిళ్ళలు.

నాకేమో బరువు, అమ్మకేమో వయసు. ఒకరికి తప్పు అంటగట్టారు, ఇంకొకరికి తలరాత అంటగట్టారు. ఇన్నేళ్ళూ ఈ కాళ్ళతో మీరేం పని చేశారని మాత్రం ఇద్దర్నీ ఎవరూ అడగలేదు. నా పేచీ ఆ అడగని ప్రశ్న దగ్గర మొదలవుతుంది.

ముందుగా ఒక మాట ఒప్పుకుంటాను. ఒప్పుకోకపోతే నా వాదనకి నిజాయితీ ఉండదు. బరువుకీ మోకాలికీ సంబంధం ఉంది. డాక్టర్లు కల్పించిన భయం కాదది. 2005లో అమెరికాలో మోకాళ్ళు అరిగిన వృద్ధులని నడిపించి కొలిచి చూస్తే, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని తేలింది. అంతకుముందు 1992లో, ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు, పదేళ్ళలో ఓ ఐదు కిలోలు తగ్గినవాళ్ళలో నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం దాదాపు సగానికి పడిపోయిందని రాశారు. ఇరవై కిలోలు కాదు, ఐదు కిలోలు. నాతో ఎవరైనా ఐదు అని ఉంటే, ఏమో, ఆరోజు ఇంటికి కాస్త ధైర్యంగా వెళ్ళేదాన్ని.

ఆ లెక్క అంత సూటిగా ఉండదు కూడా. లావుగా ఉన్నవాళ్ళకి చేతివేళ్ళ కీళ్ళు కూడా ఎక్కువగా అరుగుతాయి. చేతుల మీద ఎవరూ నడవరు కదా! కొవ్వు ఒంటికి తగిలించుకున్న మూట కాదు. వాపుని పెంచే రసాయనాలని రక్తంలోకి వదిలే సజీవమైన కణజాలం. ఇక తుంటి విషయానికొస్తే, బరువుతో దానికున్న సంబంధం మోకాలికున్నంత గట్టిది కాదు. తుంటి కీలు ఆకారం, గిన్నె లోతు, పుట్టుకతో వచ్చిన తేడాలు అక్కడ పెద్ద పాత్ర వహిస్తాయి.

ఆ తేడాలే నా కథ. బరువు తగ్గమన్న మాటని నేను శిరసావహించాను. ఒక ఏడాది కడుపు మాడ్చుకుని తొమ్మిది కిలోలు తగ్గాను. నొప్పి తగ్గలేదు. "ఇంకా తగ్గాలి" అన్నారు. మర్నాటికి నీరసం, ఆ పై ఏడాదికి పోయిన కిలోలు తిరిగొచ్చాయి. ఈలోగా నొప్పి గజ్జల్లోకి పాకింది. గజ్జల్లో నొప్పి అని మగ డాక్టరుకి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పగలిగిన రోజున గర్భసంచి డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడా ఏమీ తేలలేదు. అక్కడా బరువు తగ్గమన్నారు.

మూడేళ్ళ తరవాత అమ్మకి వ్యాయామాలు నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి, నేను కుంటుతూ టీ తీసుకురావడం చూసింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి, కాలు మడిచి, తొడని మెల్లగా లోపలికి తిప్పింది. ప్రాణం పోయినంత పనైంది. "మేడమ్, ఇది మోకాలు కాదనుకుంటా. తుంటికి ఎక్స్‌రే తీయించుకున్నారా?" అంది. రెండు నిమిషాలు పట్టింది ఆ పరీక్షకి. మూడేళ్ళలో ఏ పెద్ద డాక్టరూ నాకివ్వని రెండు నిమిషాలవి.

ఎక్స్‌రేలో తేలింది ఏమిటంటే, నా తుంటి గిన్నె పుట్టినప్పటి నుంచీ లోతు తక్కువ. తొడ ఎముక బంతిని అది పూర్తిగా కప్పడం లేదు. ఈ లోపం మగపిల్లల్లో కన్నా ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. తుంటిలో పుట్టిన నొప్పి మోకాల్లో కనిపించడం వైద్య విద్యార్థులు పుస్తకంలో చదువుకునే విషయమే. కీలు అరగకముందే కనిపెడితే ఎముకని కోసి గిన్నెని తిప్పి నిలబెట్టే ఆపరేషన్ ఉంది. 1980లలో స్విట్జర్లాండ్‌లో రూపొందించారు. నా సంగతి చూసిన సర్జన్ ఎక్స్‌రేని వేలితో చూపిస్తూ "రెండు మూడేళ్ళ ముందు వచ్చి ఉంటే ఆలోచించేవాళ్ళం. ఇప్పుడు అరుగుదల ముదిరింది" అన్నారు. నేను రాలేదని ఎవరన్నారు? వచ్చాను. తూకం మిషన్ దాటి నా ఒళ్ళు లోపలికి రాలేదు, అంతే.

నా బరువు ఆ గిన్నెకి హాని చెయ్యలేదని అనడం లేదు. చేసింది. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీద ఉంటాం. అప్పుడు పక్కకి ఒరిగిపోకుండా తుంటి పక్క కండరాలు గట్టిగా లాగి పట్టుకోవాలి. ఆ లాగుడు కూడా కీలు మీదే పడుతుంది. అందుకే మామూలు నడకలోనే తుంటి మీద ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు పడుతుంది. లోతు లేని గిన్నెలో ఆ మోతంతా అంచు మీదే పడుతుంది. కాబట్టి బరువు తగ్గమనడం సరైన సలహాయే. కానీ సలహాని రోగ నిర్ధారణగా చలామణీ చెయ్యడం నేరం. లావుగా ఉన్న స్త్రీ గది లోకి అడుగుపెట్టగానే జబ్బు పేరు తెలిసిపోయిందనుకోవడం వైద్యం కాదు, బద్ధకం. దాని వెనక ఒక తీర్పు ఉంది: ఇది తిండికి ఆగలేని మనిషి, ముందు ప్రాయశ్చిత్తం చేసుకు రావాలి.

ఇక సన్నగా ఉన్న మా అమ్మ సంగతి. బీజింగ్ నగరంలో 60 దాటిన ఆడవాళ్ళ మోకాళ్ళకి ఎక్స్‌రేలు తీసి, అమెరికా ఫ్రామింగ్‌హామ్ తెల్లజాతి ఆడవాళ్ళతో పోల్చిన పరిశోధన 2001లో వచ్చింది. చైనా ఆడవాళ్ళు వాళ్ళకన్నా సన్నటివాళ్ళు. బరువే సర్వస్వమైతే వాళ్ళ మోకాళ్ళు బాగుండాలి. కానీ వాళ్ళ మోకాళ్ళే ఎక్కువగా అరిగి ఉన్నాయి. తుంటి అరుగుదల మాత్రం వాళ్ళలో చాలా అరుదని మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన చెప్పింది. 2004లో అదే బృందం ఇంకో ప్రశ్న వేసింది: మీకు పాతికేళ్ళున్నప్పుడు రోజుకి ఎంతసేపు గొంతుక్కూచునేవారు? ఎక్కువ గంటలు గొంతుక్కూచున్నవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువని తేలింది.

అది చదివి అమ్మని అడిగాను, "అమ్మా, నీకు పాతికేళ్ళప్పుడు రోజుకి ఎన్నిగంటలు గొంతుక్కూచునేదానివి?" అని.

అమ్మ నవ్వింది. "కూచోడమేంటే? నేనెప్పుడు కూచున్నాను?"

ఆ జవాబులో ఉంది మొత్తం చరిత్ర. పొయ్యి ముందు, అంట్ల దగ్గర, బట్టలు ఉతికే బండ దగ్గర, గేదె పొదుగు దగ్గర, మిరపచేలో కలుపు తీస్తూ, కల్లంలో తాలు కాయలు ఏరుతూ గొంతుక్కూచునే ఉంది మా అమ్మ. అది కూచోవడం కిందికి రాదు ఆవిడ దృష్టిలో. విశ్రాంతి కాదు కనక కూచోవడం కాదు. అదే సమయంలో ఎవరి దృష్టిలోనూ అది పని కూడా కాదు. మధ్యలో కావిడి మీద కాకుండా నెత్తిన, చంకన మోసిన బిందెల లెక్క ఎవరు తీశారు? ఒక మనిషి ఒంటి బరువుని గ్రాములతో సహా రాసుకునే కాగితంలో, ఆమె మోసిన బరువులకి గడి లేదు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథని ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ. పేరు గురించి, అస్తిత్వం గురించి బోర్డు నిండా రాశాను. అలకడమంటే గంటల తరబడి గొంతుక్కూచుని వెనక్కి జరగడమని, పేరుతో పాటు మోకాళ్ళు కూడా ఆ నేల మీదే పోయాయని ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. మన స్త్రీవాద సాహిత్యం శరీరం గురించి తక్కువ మాట్లాడలేదు. 'నీలిమేఘాలు' నుంచీ చూపుల గురించి, పైట గురించి, ప్రసవం గురించి, గర్భసంచి గురించి భూమి దద్దరిల్లేలా రాశాం. మగవాడి చూపు పడే శరీరాన్నీ, బిడ్డని కనే శరీరాన్నీ రాసినంతగా, 50 దాటాక మెట్టెక్కలేని శరీరాన్ని రాశామా? ఎవరి చూపూ పడని మోకాలు మన చూపుకి కూడా ఆనలేదు.

ఇక్కడే మన స్నేహితురాళ్ళతోనూ నాకొక తగువుంది. ఒక సాహిత్య సభలో ఈ గోడు చెప్పుకుంటే ఒకావిడ నా భుజం తట్టి, "సన్నబడమనడమే మార్కెట్ కుట్ర. నీ శరీరాన్ని నువ్వు ప్రేమించుకో చాలు" అంది. నా శరీరాన్ని నేను ప్రేమించుకుంటూనే ఉన్నానండీ, రెండో అంతస్తులో ఉన్న నా క్లాసుకి వెళ్ళలేకపోతున్నాను, అంతే. సన్నటి నడుమునే అందమన్న సంస్కృతిని తిట్టాల్సిందే. కానీ ఆ కోపంలో మన కీళ్ళ మీద పడే మోతని కూడా భావజాలం అనేస్తే, నష్టపోయేది మార్కెట్ కాదు, మనమే. డాక్టరు అంకె ఒక్కటే చూశాడు. మనం అంకెని చూడనే వద్దన్నాం. ఇద్దరూ నొప్పిని మాత్రం అడగలేదు.

బరువు తగ్గడానికి ఏం కావాలో కూడా మాట్లాడుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడోవంతుకి పైగా స్త్రీలు అధిక బరువున్నవాళ్ళు. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకి రక్తహీనత. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, తిండి ఎక్కువై లావెక్కారన్న వెటకారం నిలబడదు. అందరూ తినగా మిగిలిన అన్నం, పచ్చడి మెతుకులూ బరువు పెంచుతాయి, రక్తం పెంచవు. "రోజూ వాకింగ్ చెయ్యండి" అంటారు. ఎక్కడ? ఎన్నింటికి? అయిదింటికి లేచి క్యారేజీలు కట్టే మనిషికి ఆ గంట ఎవరిస్తారు?

2024లో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ని మోకాలి నొప్పి ఉన్న లావు మనుషుల మీద పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. వాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా స్త్రీలే. మందు తీసుకున్నవాళ్ళు సగటున 13.7 శాతం బరువు తగ్గారు, నొప్పీ బాగా తగ్గింది. సంతోషమే. అయితే ఆ ప్రయోగంలో మందున్న గుంపుకీ, లేని గుంపుకీ కూడా తిండి గురించీ వ్యాయామం గురించీ ఏడాదికి పైగా చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకు దక్కింది మూడు నిమిషాలు.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలేమీ కావు. నొప్పి అన్న ప్రతి స్త్రీ కీలుని చేత్తో తాకి, మడిచి, తిప్పి చూడండి. మోకాలు అంటే తుంటిని కూడా చూడండి. ఏం పని చేశావని అడగండి. తొడ కండరాలకి, తుంటి కండరాలకి బలమిచ్చే వ్యాయామాలు నేర్పేవాళ్ళని ప్రతి ప్రభుత్వాస్పత్రిలోనూ పెట్టండి. నొప్పి ఉన్న కాలికి అవతలి చేత్తో కర్ర పట్టుకోవాలన్న చిన్న సంగతైనా చెప్పండి. మా అమ్మ అయిదేళ్ళు తప్పు చేత్తో పట్టుకుంది. ఆ తరవాత బరువు గురించి మాట్లాడండి, వింటాం.

మొన్న మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. మిషన్ ఎక్కే ముందే "అంకె రాసుకోమ్మా, కేకెయ్యకు" అన్నాను. ఆ అమ్మాయి ఒక క్షణం నా మొహంలోకి చూసి, మాట్లాడకుండా రాసింది. చీటీ తీసుకుని ఆ అంకె కింద నా చేత్తో నేను రాశాను: తుంటి గిన్నె పుట్టుకతో లోతు తక్కువ. రోజుకి నాలుగు గంటలు నిలబడి పాఠం. రెండంతస్తుల మెట్లు. వంటపనీ ఇంటిపనీ ఐదు గంటలు. ముందు ఇది చదవండి.