చుక్కాని ఎవరి చేతిలో?

"పడవ మీద బతుకంత హాయి మరొకటి లేదు" అని ఎవరైనా అంటే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది. అన్నది మగవాడైతే రెండింతలు మండుతోంది. ఎందుకో చెబుతాను. అంతా విన్నాక మీకూ మండకపోతే నన్నడగండి.

పోయిన వేసవిలో ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాం. మా మరిది ముచ్చటపడి, నలుగురం వారం రోజులు కాలవల మీద తిరగడానికి ఒక 'నేరోబోటు' అద్దెకి తీసుకున్నాడు. పేరుకి తగ్గట్టే సన్నటి పడవ. వెడల్పు 7 అడుగులే. పొడవు మాత్రం కొన్నిటికి 70 అడుగుల దాకా ఉంటుంది. రైలుపెట్టెలాంటి వాటా ఇంటిని తీసుకొచ్చి నీళ్ళ మీద పెట్టినట్టుంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు అక్కడి కాలవల మీద లాకులు ఇరుగ్గా కట్టించాడు. లాకు ఎంతో పడవా అంతే కదా! ఇక వేగం అంటారా, గంటకి 4 మైళ్ళు దాటకూడదు. గట్టు మీద కుక్కని నడిపించుకుంటూ వెళ్ళే ముసలమ్మగారు మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది కూడానూ.

లాకులంటే ఏమిటో గోదావరి జిల్లాల ఆడపడుచులకి నేను చెప్పక్కర్లేదు. మిగిలినవారి కోసం ఒక్క ముక్క. పల్లానికీ మెరకకీ మధ్య కట్టిన నీళ్ళగది అది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూసి, తూములెత్తి నీళ్ళు నింపితే పడవ మెల్లిగా పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపులు తీసి సాగిపోవడమే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మన కాలవలని పొలాలకే కాక పడవలకి కూడా పనికొచ్చేలా తవ్వించాడు కాబట్టే మనకీ లాకులొచ్చాయి. మా అమ్మ చిన్నప్పుడు లాకుల దగ్గర పడవలు బారులు తీరి ఉండేవని ఇప్పటికీ కథలుగా చెబుతుంది. తలుపులు తియ్యడానికి లస్కర్లు ఉండేవారట. ఇంగ్లండులో చాలా లాకుల దగ్గర ఎవరూ ఉండరు. ఎవరి తలుపులు వాళ్ళే తోసుకోవాలి.

అసలు కథ ఇక్కడే మొదలైంది. పడవ అద్దెకిచ్చినతను చుక్కాని పట్టడం ఎలాగో మా మగవాళ్ళిద్దరికీ అరగంట నేర్పించాడు. తూములు ఎత్తే ఇనప పిడి తెచ్చి మాత్రం నా చేతిలో పెట్టాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, అదే నా తప్పు!

వారిక్ ఊరు దాటగానే హాటన్ లాకులు వచ్చాయి. సుమారు 2 మైళ్ళలో 21 లాకులు! పాతకాలం పడవవాళ్ళు దీన్ని 'స్వర్గానికి నిచ్చెన' అనేవారట. నిచ్చెన ఎక్కింది మేమిద్దరం అక్కచెల్లెళ్ళం, స్వర్గంలో ఉన్నది తోడల్లుళ్ళు! ఆ పిడి తిప్పీ తిప్పీ నా చేతులు పొక్కులెక్కాయి. తలుపుకున్న దూలానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి తోస్తే గానీ అది కదలదు. ఆ మహానుభావులిద్దరూ ఒకచేత్తో చుక్కాని, ఒకచేత్తో టీ కప్పు పట్టుకుని "ఊఁ, ఇంకొంచెం తొయ్యండి వదినా!" అని ప్రోత్సహించారు. ఎదురొచ్చిన పడవల్లోనూ చాలామట్టుకు ఇదే తంతు. దొరగారు చుక్కాని దగ్గర, దొరసానిగారు తలుపు దగ్గర. ఈ విషయంలో తూర్పూ పడమరా ఒకటేనన్నమాట.

సాయంత్రం మావారిని అడిగాను. "చుక్కాని పట్టడమంటే మాటలా? దానికి ఒడుపుండాలి. నీకెందుకా శ్రమ?" అన్నారు. శ్రమట! 21 లాకుల తలుపులు తోసినదాన్ని పట్టుకుని! వంట దగ్గర్నుంచి వ్యవసాయం దాకా ఎక్కడ చూసినా ఈ లెక్క ఇంతే. ఒంటికి బరువైనది మనకి, పేరుకి బరువైనది వాళ్ళకి.

తర్వాత ఒకరోజు మ్యూజియంలో పాత సరుకుల పడవ గది చూశాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు ఉండదు. అందులోనే బొగ్గుపొయ్యి, అందులోనే కిందికి దించితే బల్ల అయ్యే బీరువా తలుపు, అందులోనే మడత మంచం. గోడల నిండా రంగురంగుల గులాబీలు, కోటల బొమ్మలు. మిలమిల మెరిసే ఇత్తడి సామాను, లేసు అంచుల తెరలు. "ఎంత పొందిగ్గా ఉందో!" అని మావారు మురిసిపోయారు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ అదే మాట. ఆ ఇత్తడిని రోజూ తోమిందెవరని ఒక్కరైనా అడిగారా? ఆ గదిలో నలుగురైదుగురు పిల్లలతో కాపురం చేసిన ఇల్లాలి సంగతేమిటి?

రైళ్ళు రాకముందు చాలామంది పడవవాళ్ళకి గట్టు మీద ఇల్లుండేది. 1840 ప్రాంతాల నుంచి రైళ్ళు పోటీకొచ్చి కిరాయిలు పడిపోయాయి. ఇంటద్దె కట్టలేక, కూలివాణ్ణి పెట్టుకోలేక, ఆ మగవాడు పెళ్ళాం పిల్లల్ని పడవ ఎక్కించాడు. డబ్బు ముట్టేది మోసిన సరుక్కి, అదీ ఆ మగవాడి చేతికి. ఆవిడ లాకులు తీసింది, చుక్కాని పట్టింది, వండింది, ఉతికింది, చాలాచోట్ల ఆ గదిలోనే ప్రసవించింది. చంటిపిల్ల నీళ్ళలో పడిపోకుండా పొగగొట్టానికి తాడుతో కట్టేసి పని చేసుకుంది. జీతం మాత్రం లేదు. ఎంత దుర్భరంగా ఉండేదో మరి, గదికి ఇంతమందే ఉండాలని 1877లో పార్లమెంటు చట్టం చెయ్యవలసి వచ్చింది. పడవ కదులుతూనే ఉంటుంది కాబట్టి పిల్లలకి చదువు అబ్బేది కాదు. పోనీ ఆ మగవాడు దుర్మార్గుడా అంటే కాదు. వాడూ పేదవాడే. కానీ లెక్కలో వాడి పేరైనా ఉంది. ఆవిడ పేరు లేదు.

ఇక 'ఆడవాళ్ళకి చుక్కాని రాదు' అన్న మాట సంగతి చూద్దాం. ఇంజన్లు వచ్చాక ముందొక ఇంజను పడవ, దాని వెనక తాడుకి ఇంజను లేని మరో పడవ కట్టేవారు. ముందు పడవ మీద మొగుడు, వెనక పడవ మీద చాలావాటిలో పెళ్ళాం. ముందుదానికి ఇంజనైనా ఉంది. వెనకదానికి చుక్కాని తప్ప వేరే ఆధారం లేదు. అది ఎవరి చేతిలో పెట్టారో చూశారా!

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు చాలక, 1942 నుంచి చదువుకున్న ఆడపిల్లల్ని కూడా ఈ పనిలోకి తీసుకున్నారు. ముగ్గురేసి ఆడవాళ్ళు ఒక జత పడవలు నడిపారు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి సరుకు చేరవేసి, వచ్చేటప్పుడు బొగ్గు తెచ్చారు. జతకి 50 టన్నుల దాకా బరువు! జలమార్గాల ఉద్యోగులని తెలియడానికి వాళ్ళ బిళ్ళ మీద ఐ.డబ్ల్యు. అని రెండక్షరాలుండేవి. దాన్ని ఎవరో 'ఐడిల్ విమెన్' అని చమత్కరించారు. అంటే సోమరి ఆడాళ్ళని! 50 టన్నులు మోసినా సోమరులే మరి. వాళ్ళలో ఒకావిడ, సూసన్ ఉల్ఫిట్, 1947లో తన అనుభవాలు పుస్తకంగా వేసి, ఆ వెక్కిరింతనే దానికి పేరు పెట్టింది. నాకు ఆవిడ భలే నచ్చింది.

మన దగ్గరేం తక్కువా? "మీ ఆవిడ ఏం చేస్తుంటారండీ?" అంటే "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అని జవాబు. ఆ 'ఏమీ చెయ్యని' మనిషి రెండు రోజులు జ్వరం పడితే ఇల్లు గట్టుకి కొట్టుకుంటుంది. అప్పుడైనా అనుకుంటారా అంటే, జ్వరం తగ్గగానే మర్చిపోతారు.

సరే, నేను ఊరుకోలేదు. అయిదోనాడు పొద్దున్నే వెళ్ళి చుక్కాని పట్టుకున్నాను. అందులో ఒక తమాషా ఉంది. పిడి ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, కుడికి తోస్తే ఎడమకి. ఇరవై ఏళ్ళుగా మావారితో నా వ్యవహారమూ అంతే కాబట్టి నాకు తొందరగానే పట్టుబడింది. అరగంటలో ఒక్కసారి గట్టుకి తగిలించాను. "చెప్పానా!" అన్నారు మావారు. ఆయన అంతకుముందు రోజు మూడుసార్లు తగిలించారు. అప్పుడు మాత్రం అది గాలి తప్పు!

అప్పుడు గట్టు మీదికి దిగి ఇనప పిడి తిప్పింది తోడల్లుళ్ళిద్దరూ. రెండు లాకులయ్యేసరికి మా మరిది నడుం పట్టుకుని "ఇంత బరువని చెప్పలేదేం వదినా?" అన్నాడు. చెప్పడమేమిటి నాయనా, నాలుగు రోజులు నీ కళ్ళెదుటే కదా తోశాం!

అందుకని అమ్మలూ, మగవాళ్ళతో పోట్లాడమని నేననడం లేదు. కానీ 'మనకెందుకులే, వాళ్ళు చూసుకుంటారు' అని పక్కకి తప్పుకునే అలవాటు మనదే. బ్యాంకు లెక్క, ఇంటి కాగితం, బండి తాళం, ఏదైనా సరే, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. గట్టుకి తగిలిస్తే తగిలించండి, మునిగేదేం లేదు. ఈసారి ఆయన "నీకెందుకా శ్రమ, నేనున్నాగా" అంటే, "ఉన్నారు సరే, కాసేపు ఆ లాకు తలుపు దగ్గర ఉండండి" అనండి.