సవరించిన విత్తు – సాగరతీర సేద్యం

పలాస, టెక్కలి ప్రాంతాలకు తూర్పున సముద్రాన్ని ఆనుకొని ఉన్న పచ్చని సీమ ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు అది పేరుపొందింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చింది. వరిచేలకూ తీవ్రనష్టం కలిగించింది. కూలిన తోట మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. వరి మాత్రం మరుసటి ఏడాదికే రైతును ఆదుకోగలదు. అందుచేత ప్రకృతి ఒడుదొడుకులకు తట్టుకొనే వరి విత్తనం ఈ ప్రాంతానికి అత్యవసరం.

ఈ విషయంలో నేడు ఆశ కలిగిస్తున్నది జన్యు సవరణ. జన్యువును నిర్ణీత స్థానంలో కత్తిరించి మార్చే 'క్రిస్పర్' పద్ధతిని రూపొందించిన షార్పెంటియె, డౌడ్నా అనే శాస్త్రవేత్తలు 2020లో నోబెల్ బహుమతి పొందారు. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువును చేర్చారు. ఈ పద్ధతిలో పరాయి జన్యువు మిగలకుండా మొక్క సొంత జన్యువునే సవరించవచ్చు.

2025 మే 4న కేంద్రప్రభుత్వం ప్రకటించిన రెండు సవరించిన వరి వంగడాలకూ మూలం తెలుగునేలపై పుట్టిన విత్తనాలే. బాపట్ల సాంబ మసూరి నుండి హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ 'కమల'ను రూపొందించింది. కంకికి గింజలు పెరుగుతాయనీ, పంట సుమారు 20 రోజుల ముందే కోతకు వస్తుందనీ శాస్త్రజ్ఞులు తెలిపారు. మారుటేరు ఎం.టి.యు. 1010 నుండి ఢిల్లీలోని పూసా సంస్థ చౌడునూ బెట్టనూ తట్టుకొనే మరో వంగడాన్ని తయారుచేసింది.

వంశధార ఎడమకాలువ శివారు భూములకు 20 రోజుల నీరు మిగలడం చిన్న విషయం కాదు. ఉప్పు చేరిన తీరపు పొలాలకు చౌడును తట్టుకొనే గుణం వరమే. అయితే ప్రకటన వేరు, పంట వేరు. పరాయి జన్యువు లేని ఇటువంటి మొక్కలకు 2022లో కేంద్రం కఠిన జీవభద్రతా నియమాల నుండి మినహాయింపునిచ్చింది. పరీక్షల ఫలితాలను కొన్ని సంఘాలు ప్రశ్నించాయి కూడా. నియమం సడలినప్పుడు పరిశీలన మరింత నిశితం కావలదా? రాగోలు పరిశోధన స్థానంలోనూ, ఉద్దానం రైతుల పొలాల్లోనూ ఈ వంగడాలను పండించి, ఫలితాలను తెలుగులో బహిరంగపరచాలి.

విత్తనంపై హక్కు మరొక ముఖ్యాంశం. పండించిన ధాన్యాన్ని విత్తనంగా దాచుకొనే హక్కును 2001 చట్టం రైతుకు ఇచ్చింది. సవరణ పద్ధతులపై పేటెంట్లు ఎవరివైనా, ఆ హక్కుకు భంగం కలుగరాదు. విజ్ఞానం జన్యువును సవరించగలదు. దాని ఫలం రైతు గాదెకు చేర్చవలసిన బాధ్యత మాత్రం సమాజానిదే.