సంపాదకుని మాట: డబ్బు సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం



డబ్బు విషయంలో మీరు చేసిన మంచి పనేది, దెబ్బతీసిన నిర్ణయమేదని ఈసారి మా రచయితలను అడిగాం. అందరి అనుభవాల్లోనూ ఒకటే కనిపించింది: మేలు చేసినవి నిదానంగా ఆలోచించి తీసుకున్నవి, ముంచినవి మొహమాటానికో తొందరకో లొంగి తీసుకున్నవి. బంధువు అడిగాడని హామీ సంతకం పెడితే, అతను కట్టని అప్పు మన మెడకు చుట్టుకుంటుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదే, ఏడాదికి లెక్కేస్తే 36 శాతం. చీటీ కట్టేముందు అది 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైందో లేదో తప్పక చూసుకోవాలి.

ఫోన్లో నిమిషాల్లో అప్పు పుడుతున్న రోజులివి. ఇంట్లోవాళ్లకు తెలియని అప్పు, తెలియని బీమా పాలసీ ఏ ఇంట్లోనూ ఉండకూడదన్నదే మా ఆశ. ఈ సంచికను ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.