చెక్క కలానికి జిగురు కవచం

బల్లను, బీరువాను మనం రోజుకు నాలుగైదు మార్లు తాకి వదలుతాము. కలం సంగతి అలా కాదు. రాతపనితో పొట్ట పోసుకునేవారు దానిని గంటల తరబడి వేళ్ల సందున బిగబట్టి ఉంచుతారు. చేతి చెమట, తలనూనె జిడ్డు, సిరా మరకలు, జేబులోని తాళపు చెవుల రాపిడి, అన్నీ దాని మీదనే. లోహపు కలానికి ఇదంతా ఒక లెక్క కాదు. చెక్క కలానికి మాత్రం ప్రాణసంకటం. పైపూత లేని చెక్క, అందులోనూ లేతరంగు చెక్క, కొన్నాళ్లకే వేళ్లు ఆనే చోట మురికి తాగి నల్లబడుతుంది. ఆ నలుపు తుడిస్తే పోదు. గీకితే కలమే సన్నబడుతుంది.

ఈ చిక్కుకు నేటి కలం తయారీదారులలో చాలామంది పట్టిన విరుగుడు వినగానే నమ్మబుద్ధి కాదు. తెగిన చెప్పును, విరిగిన కప్పు చెవిని అతికించుకోవడానికి కిరాణా కొట్టులో అరగ్రాము గొట్టంగా కొనే సూపర్ గ్లూ ఉన్నది కదా, ఫెవిక్విక్ వంటిది, ఆ జాతి జిగురునే పొరలు పొరలుగా చెక్క మీద పూసి అద్దంలా మెరుగు పెడుతున్నారు.

నాకు ఈ సంగతి తెలిసివచ్చినది నా కలం పాడైనందువల్ల. నోయిడాలో నివసించే మిత్రులొకరు ఉద్యోగ విరమణ తరువాత బాల్కనీలో చిన్న లేత్ మిషను పెట్టుకుని కలాలు చెక్కుతుంటారు. 2019లో ఆయన శీషం చేవతో ఒక సిరా కలం చేసి ఇచ్చారు. దానికి చపడా పాలిష్ పెట్టమని పట్టుబట్టినది నేనే; పాత కాలపు బల్లల మీద ఉండే ఆ తేనెరంగు మెరుపంటే నాకు ప్రీతి. ఒక ఏడాది హాయిగా రాశాను. అంతలో 2020 వచ్చింది. బయటినుంచి వచ్చిన ప్రతిసారీ చేతులకు సానిటైజరు, ఆ తడి ఆరకముందే చేతిలో కలం. నెల తిరగకుండానే పట్టు దగ్గర పూత జిగటగా మారి, వేలిముద్రలు అచ్చుపడి, చివరకు తెల్లని మచ్చలై లేచిపోయింది. కలాన్ని తిట్టుకున్నాను గాని తప్పు నాది. చపడా అంటే లక్కపురుగు స్రవించే లక్కయే. వడ్రంగి దానిని స్పిరిట్టులో, అంటే ఆల్కహాలులో కరిగించే పూస్తాడు. సానిటైజరులో నూటికి సుమారు 70 పాళ్లు ఉండేదీ ఆల్కహాలే. ఆయన శ్రమపడి పూసినదానిని నేను రోజుకు పదిసార్లు కరిగించుకున్నానన్నమాట.

"ఈసారి నా ఇష్టానికి వదిలేయండి" అని మిత్రులు కలాన్ని తీసుకుపోయారు.

ఈ జిగురు పుట్టుక విచిత్రమైనది. 1942లో అమెరికాలో, ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థకు చెందిన హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త తుపాకి గురి చూసే సాధనాలకు పనికివచ్చే స్వచ్ఛమైన ప్లాస్టిక్కు కోసం వెదుకుతూ సయనోఎక్రిలేట్ అనే పదార్థాలను పరీక్షించారు. అవి ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతుంటే విసిగి పక్కన పెట్టేశారు. 1951లో జెట్ విమానాల పారదర్శకపు కప్పులకు వేడి తట్టుకునే పదార్థం కావలసివచ్చి, అదే వర్గం మళ్లీ చేతికి వచ్చింది. ఆయన సహచరుడు ఫ్రెడ్ జాయ్‌నర్ ఆ ద్రవాన్ని కాంతి వక్రీభవనం కొలిచే పరికరంలో రెండు పట్టకాల నడుమ వేయగా, పట్టకాలు ఇక విడివడలేదు. విలువైన పరికరం పాడైనదని సహచరుడు దిగులు పడుతుంటే కూవర్‌కు మాత్రం అసలు విషయం బోధపడింది. 1958లో ఆ జిగురు ఈస్ట్‌మన్ 910 అనే పేరుతో అంగడికి వచ్చింది. 2011లో కూవర్ మరణించేనాటికి అది ఎరుగని ఇల్లు లేదనవచ్చు. మొదట కోరినది స్వచ్ఛత, దొరికినది అంటుకునే గుణం. కలం మీద ఆ రెండూ ఒక్కసారిగా పనికివచ్చాయి. మూలం కనపడాలి, పూత కనపడరాదు అనే ఆశ మా అనువాదకులకూ ఉన్నదే గాని, మాకది ఇంత సులువుగా తీరదు.

పూసే పద్ధతిని నేను ఆ బాల్కనీలోనే కూర్చుని చూశాను. ముందుగా చెక్కముక్కకు నిలువునా బెజ్జం వేసి, లోపల ఇత్తడి గొట్టం అతికిస్తారు. లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. తరువాత వేగం బాగా తగ్గించి, మడతపెట్టిన కాగితపు రుమాలు మీద రెండు మూడు చుక్కల పలుచని జిగురు వేసి, తిరుగుతున్న చెక్క కింద ఆనించి ఈ కొసనుంచి ఆ కొసకు ఒక్క ఊపున లాగుతారు. ఆగకూడదు, వెనుకకు మళ్లకూడదు. ఆగితే కాగితం చెక్కకే అతుక్కుపోతుంది. గాలిలోని చెమ్మ తగలగానే జిగురులోని అణువులు గొలుసులా ఒకదానినొకటి పట్టుకుని గట్టిపడతాయి. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే చేయి తిరగాలి. మొదటి పొరలను చెక్క తాగేస్తుంది. ఆ పైన కొంచెం చిక్కని జిగురు, ఎనిమిది నుంచి పన్నెండు పొరలు. అప్పటికి కలం మెరుస్తుంది గాని, దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటుంది. అసలు పని అక్కడే మొదలు. నీటితో తడిపిన అతి సన్నని ఉప్పుకాగితాలతో, 1500 రకంనుంచి 12,000 రకం వరకు వరుసగా మారుస్తూ రుద్దుతారు. చివరి దానిని వేలితో తడిమితే గరుకు తెలియదు, బట్టముక్క వలెనే ఉంటుంది. తుదకు ప్లాస్టిక్కు మెరుగు ముద్దతో తుడవగానే శీషం చారలు నీటి అడుగునుంచి చూసినట్లు పైకి తేలాయి. జిడ్డుగల చెక్కకు మొదటనే ఎసిటోన్‌తో ఒక తుడుపు తుడవాలట. లేకుంటే జిగురు పట్టు చిక్కదు.

పాతగుడ్డ కాకుండా కాగితమే ఎందుకని అడిగాను. నూలుగుడ్డ మీద ఈ జిగురు ఒలికితే అణువులు ఒక్కుమ్మడిగా బిగుసుకుని వేడెక్కి, పొగ చిమ్మి, చర్మం కాల్చగలదు. పైగా గుడ్డ తిరిగే యంత్రానికి చుట్టుకుంటే వేలినీ లాగుకుపోతుంది, కాగితమైతే చిరిగిపోతుంది. నూలు చేతితొడుగులు కూడా అందుకే పనికిరావు. జిగురు ఆవిరి కళ్లకు, గొంతుకు మంట. ఆయన ఫ్యాను వెనుకనుంచి పెట్టుకుని, కళ్లద్దాలు తగిలించుకుని గాని సీసా మూత తీయరు. వేళ్లు అతుక్కుంటే లాగరాదు, గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీసుకోవాలి. ఈ పని ఇంట్లో చేయబూనే పాఠకులు ఈ జాగ్రత్తలను అలక్ష్యం చేయవద్దని మనవి.

ఇంతా చేసి, మన కళాకారులకు ఇంతకన్న మేలైన విద్య లేదా అనే ప్రశ్న నన్ను చాలాకాలం పీడించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతో కదలిపోయింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. స్పిరిట్టు లేదు, ఘాటైన ఆవిరి లేదు. ఎప్పుడైనా గీత పడితే మళ్లీ తిప్పి, మళ్లీ లక్క అద్దవచ్చు. బొమ్మకు, బొట్టుపెట్టెకు అంతకు మించినది లేదని నా అభిప్రాయం. కలానికి వచ్చేసరికి లక్కకు రెండు బలహీనతలు: వేడికి మెత్తబడుతుంది, ఆల్కహాలుకు లొంగిపోతుంది. మే నెలలో ఎండన నిలిపిన కారులో కలం మరచిపోయినవారికి మొదటిది తెలుస్తుంది. రెండవది నాకు తెలిసింది.

రాజమహేంద్రవరపు రత్నం కలాల దారి వేరు. స్వదేశీ ఉద్యమకాలంలో కోసూరి వెంకటరత్నంగారు ఆరంభించిన ఆ కలాలను 1935లో గాంధీజీ ఉత్తరం రాసి మెచ్చుకున్నారు. వాటి ఒడలు ఎబొనైట్‌ది, అంటే గంధకంతో ఉడికించి గట్టిపరచిన రబ్బరు. దానిని చెక్కి రుద్దితే చాలు, తన మెరుపు తానే ఇస్తుంది. పైపూత అవసరమే రాదు. చెక్కకు ఆ సౌకర్యం లేదు. అది చెట్టుగా ఉన్నప్పటి అలవాటు మానుకోదు, చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది.

జిగురు కవచానికి గండి పడేది అక్కడే. సయనోఎక్రిలేట్ పొర గాజు వలె గట్టిది, గాజు వలెనే పెళుసు. మే నెల వడగాలికి, ఆగస్టు ముసురుకు నడుమ ఢిల్లీ పరిసరాలలో గాలి తడి ఎంత మారుతుందో ఇక్కడి తలుపులు బిగిసే తీరే చెబుతుంది. చెక్క కదులుతుంది, లోపలి ఇత్తడి గొట్టం కదలదు, పై పొర సాగదు. నా కలం కొత్త పూతతో రెండు వేసవులు నిక్షేపంగా గడిపింది. సానిటైజరు పడినా చెక్కు చెదరలేదు. మూడవ వేసవి చివర, పాళీ వైపు అంచున వెంట్రుకవంటి గీత కనిపించింది. వారం తిరిగేసరికి ఆ గీత పక్కన పొర కొంచెం లేచి, కింద గాలి చేరి, తెల్లగా మెరవసాగింది. గోటితో తడిమితే తెలుస్తుంది. రాస్తున్నప్పుడు వేలు దానికోసమే వెదుకుతుంది.

లక్కకయితే అక్కడికక్కడ మరమ్మతు చేసేవారు. దీనికి అలా వీలు లేదు. లోహపు భాగాలను బిగించినది ఇత్తడి గొట్టంలోకి నొక్కి. వాటిని కడ్డీతో తట్టి ఊడదీసి, ఒడలును మళ్లీ లేత్‌కు ఎక్కించాలి. పగులులోకి పలుచని జిగురు ఒక చుక్క వదలితే అదే లోపలికి పాకుతుంది. ఆ మీదట లేచిన పొర గీకి, కొత్త పొరలు, మళ్లీ ఆ రుద్దుడంతా. తట్టేటప్పుడు చెక్క చీలితే మొదటికే మోసం. ఆ మాట మిత్రులు దాచలేదు. ఎవరైనా కొత్త కలం కొనేటప్పుడు అమ్మేవారిని పూత ఏమిటని మాత్రమే కాక, ఊడదీసి మళ్లీ పూయగలరా అని కూడా అడగడం మంచిదని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. మెరుపు చూసి ముచ్చటపడినవారు ఆ రెండవ ప్రశ్న వేయరు, నేనూ వేయలేదు.

అయినా కలం పట్టుకుని జులైలో నోయిడా వెళ్లాను. బయట ముసురు. ఆయన సీసాను ఫ్రిజ్‌లోనుంచి తీసి బల్ల మీద పెట్టారు. గది వేడిమికి రానిదే మూత తీస్తే లోపల చెమ్మ చేరి జిగురంతా గట్టిపడుతుందట. ఆ లోపల ఒక పనికిరాని చెక్కముక్క మీద, మరో సీసాలో మిగిలిన జిగురుతో, ఒక పొర పూసి చూపించారు. నిమిషం గడవకముందే పొర మీద పొగమంచు కమ్మినట్లు తెల్లని మబ్బు పరచుకున్నది. గాలిలో తడి ఎక్కువైతే ఇలాగే అవుతుందని చెప్పి, ముక్కను చెత్తబుట్టలో వేశారు. సీసాను మూత తీయకుండానే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, నా కలాన్ని ఒక కవరులో చుట్టి, నా చేతికే ఇచ్చారు.

"వానలు వెనుకబడనీయండి. దసరాకు తీసుకురండి" అన్నారు.