పొలం ఇంటికి తుపాకి కావాలా? ముందు ఈ లెక్క చూసుకోండి



పొలంలోనే ఇల్లు కట్టుకుని ఉండేవాళ్ళకి ఈ మధ్య ఒకటే దిగులు. ఊరు రెండు మూడు కిలోమీటర్ల దూరం, కేకేస్తే పలికే ఇల్లు లేదు. మోటారు వైర్లు కోసుకుపోతున్నారు, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీసుకుపోతున్నారు, మేకల్ని బండెక్కిస్తున్నారు. "అన్నా, ఇంట్లో ఒక తుపాకి ఉంటే మంచిదేనా? ఏది తీసుకోవాలి?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మా పొలం చుట్టూ చేసుకున్న ఏర్పాట్లు పై వీడియోలో చూపించాను. తుపాకి సంగతి వీడియోలో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తాను. మనలో చాలామందికి తుపాకి అక్కర్లేదు. దానివల్ల ఇంటికి వచ్చే రక్షణ కంటే ఇంట్లోకి వచ్చే ప్రమాదమే ఎక్కువ.

చట్టం ఏం ఇస్తుంది?

1959 ఆయుధాల చట్టంలో రైతుకి పనికొచ్చేవి రెండు. పంట కాపలాకైతే మందు కూరి పేల్చే భర్మార్ తుపాకి. ప్రాణరక్షణకైతే గొట్టం 20 అంగుళాలకు తగ్గని, లోపల గాళ్ళు లేని తుపాకి, అంటే మనం డబుల్ బ్యారెల్ అనే 12 బోర్ లాంటిది. సినిమాల్లో చూసే పిస్టల్ లైసెన్సు మామూలు రైతుకి రావడం చాలా కష్టం.

లైసెన్సుకి 21 ఏళ్ళు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, తుపాకి వాడకంలో శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు 5 ఏళ్ళు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించమంటారు. లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే 2 నుంచి 5 ఏళ్ళ జైలు. కాబట్టి "ఎవరో తక్కువకి ఇస్తానన్నాడు" అనే మాట దగ్గరే ఆగిపోండి.

ఇంకొకటి. పంట కాపలా లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చే హక్కు రాదు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, దానికి అనుమతి వేరే.

అర్ధరాత్రి అది పనికొస్తుందా?

భర్మార్ ఒక్కసారి పేలితే మళ్ళీ మందు కూరాలి. అర్ధరాత్రి దొంగ ముందు అది కర్రతో సమానం. డబుల్ బ్యారెల్‌కి ఆ ఇబ్బంది లేదు గానీ దాని గుండ్లు రేకుల తలుపునీ, తడికెనీ దాటిపోతాయి. అవతల పడుకున్నది మన తమ్ముడో, నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క పొలం మనిషో చీకట్లో మనకేం తెలుస్తుంది? రాత్రి కరెంటు వస్తే పొలంలో తిరిగేది మన రైతులే కదా.

చట్టం కూడా చూడండి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో ఉంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికి వచ్చినవాణ్ణి ఎదుర్కొనే హక్కు గట్టిదే. కానీ ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. వైరు కోసుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే హత్య కేసు మన మీదే. పోయిన వైరు ఒక పంటలో తిరిగొస్తుంది. ఆ కేసు పొలాన్ని మింగేస్తుంది.

అసలు భయం ఇంట్లోనే

ఇది కొంచెం బరువైన మాట. మనం పురుగుమందు మానేసి కషాయాలకి వచ్చాం. దానివల్ల భూమి ఒక్కటే బాగుపడలేదు. పంట పోయి, అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్న రాత్రి మన ఇంట్లో ఆ డబ్బా లేదు. అలాంటి ఆలోచన చాలాసార్లు ఒక్క గడియలో వచ్చిపోతుంది, ఆ గడియ గడిస్తే మనిషి మిగులుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన మందుల్ని నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. తుపాకి ఉన్న ఇళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువని అమెరికాలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. డబ్బా బయటికి పంపినవాళ్ళం, తుపాకిని లోపలికి ఎందుకు తెచ్చుకోవాలి? ఎవరి ఇంట్లో అయినా అలాంటి దిగులు కనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

మరి ఏం చేయాలి?

పురుగు కనిపించగానే బ్రహ్మాస్త్రం కొడతామా? ముందు కంచె పంట, ఎర పంట, బుట్టలు. తర్వాత నీమాస్త్రం. కాపలా కూడా అంతే, వరసలో రావాలి.

1. గట్టు చుట్టూ వాక్కాయ గానీ, గచ్చపొద గానీ దట్టంగా పెంచండి. వాక్కాయ అయితే ముళ్ళతో పాటు కాయ డబ్బులూ వస్తాయి.
2. రెండు నాటు కుక్కలు, నాలుగు గిన్నికోళ్ళు. కొత్త మనిషి వస్తే గిన్నికోళ్ళు ఊరు లేపుతాయి, పురుగుల్నీ ఏరుకు తింటాయి.
3. మనిషి కదిలితే వెలిగే సోలార్ లైట్లు మోటారు దగ్గర, పాక దగ్గర. వీలైతే సిమ్‌తో పనిచేసే కెమెరా.
4. గట్టి తలుపు, లోపల అడ్డగడియ. చప్పుడైతే బయటికి పరుగెత్తకుండా లోపలే ఉండి 112కి ఫోన్ చేయాలి.
5. చుట్టుపక్కల పది మంది రైతులతో ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ఈల. ఈల వినబడితే అందరూ లైట్లు వేయాలి. వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే.

కంచెకి నేరుగా కరెంటు మాత్రం పెట్టకండి. అది పందికి పెట్టిన ఉరి కాదు, మనిషికి పెట్టింది. సోలార్ కంచె అయితే సరైన ఎనర్జైజర్‌తోనే పెట్టించండి.

అయినా తప్పదనుకుంటే

నిజంగా ప్రాణానికి బెదిరింపు ఉన్నవాళ్ళు ఉంటారు, కాదనను. వాళ్ళు ముందు పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తర్వాత లైసెన్సు మీద 12 బోర్ తీసుకోండి. గుండ్లు ఒక చోట, తుపాకి ఇంకో చోట, రెండూ తాళంలో. తాళంచెవి ఒక్కరి దగ్గరే. ఇంట్లో తాగేవాళ్ళున్నా, మనసు బాగోలేనివాళ్ళున్నా, ఆ ఇంటికి తుపాకి వద్దే వద్దు.

తుపాకికి పెట్టే డబ్బులో సగం కంచెకీ, లైట్లకీ పెట్టండి. మిగతా సగంతో ఒక ఆవుని కొనుక్కోండి. మీ పొలంలో ఏ ఏర్పాటు బాగా పనిచేసిందో కింద రాయండి, తర్వాతి వీడియోలో చూపిస్తాను.