లారీ ఎక్కనిస్తారు, స్టీరింగ్ ఇవ్వరు: నడిగడ్డలో డ్రైవర్ శిక్షణ ఎవరికి?

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో విత్తన పత్తి చేన్ల గురించి, ఆ చేన్లలో క్రాసింగ్ పనికి పోయి బడి మానేసిన పిల్లల గురించి ఏళ్ల తరబడి నివేదికలు వస్తూనే ఉన్నాయి. అయిజ, గట్టు, మల్దకల్ మండలాల పేర్లు బయటి ప్రపంచానికి తెలిసింది చాలావరకు ఆ కారణంగానే. అయితే ఆ పిల్లలు పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లయ్యాక ఏమవుతున్నారన్న ప్రశ్నను మాత్రం తక్కువమందే అడుగుతున్నారు. కొందరు హైదరాబాద్, బెంగళూరు భవన నిర్మాణ పనులకు పోతున్నారు. కొందరు ఊళ్లోనే కూలికి నిలబడుతున్నారు. ఇంకొందరు లారీ ఎక్కుతున్నారు, డ్రైవర్లుగా కాదు, క్లీనర్లుగా. మేము ఇక్కడ మాట్లాడేది ఈ చివరి దారి గురించి.

నడిగడ్డకు లారీ కొత్త కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగానే పోతుంది. ఇటు రాయచూరు, అటు కర్నూలు. పత్తి, మిరప, వడ్లు ఏ మార్కెట్‌కు పోవాలన్నా లారీయో, డీసీఎమ్మో కావాల్సిందే. సరుకు పండించడంలో, మూటలెత్తడంలో, లోడు చేయడంలో దళితుల చెమట ఉంది. లోడు అయ్యాక బండి నడిపే సీటులో మాత్రం ఎవరు కూర్చుంటారన్నది కులమూ, భూమీ, చదువూ కలిసి తేలుస్తున్నాయి.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. అంతేకాదు, రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు కావాలంటే అంతకుముందే కనీసం ఏడాదిపాటు లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉండాలి. అంటే ముందు కారు నేర్చుకోవాలి, దానికి లైసెన్సు తీసుకోవాలి, ఏడాది ఆగాలి, ఆ తర్వాతే లారీ. ఇంట్లో కారో, కనీసం ట్రాక్టరో ఉన్న కుటుంబంలోని కుర్రాడికి ఇది పెద్ద అడ్డంకి కాదు. రోజు కూలి మీద బతికే మాదిగవాడ కుర్రాడికి మాత్రం ఒక లైసెన్సుకు రెండుసార్లు ఖర్చు, రెండుసార్లు కూలి పోగొట్టుకోవడం.

ఒక పెద్ద అడ్డంకి 2019లో తొలగింది. అప్పటిదాకా రవాణా వాహన లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఉండేది. హర్యానాలోని మేవాత్ ప్రాంత డ్రైవర్ల సమస్యను ఆ రాష్ట్రం లేవనెత్తాక కేంద్రం దాన్ని ఎత్తేసింది. నడిగడ్డకు ఆ మార్పు విలువేమిటో ఒక్క అంకె చెబుతుంది: 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతం లోపే. తెలంగాణ జిల్లాల్లో అదే అట్టడుగు. పత్తి చేనుకు పోయి ఐదో తరగతిలోనే బడి ఆపేసిన పిల్లవాడికి చట్టం ఇన్నేళ్లూ రెండో శిక్ష వేసింది. చదువు అందనివ్వని వ్యవస్థే, చదువు లేదని స్టీరింగ్ కూడా వద్దంది.

2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరో తలుపు తెరిచింది. లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు బరువుండే రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని తీర్పు చెప్పింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి చిన్న బండ్ల మీద బతికేవాళ్లకు ఇది ఊరట. ప్రమాదం జరిగినప్పుడు లైసెన్సు సరైనది కాదంటూ బీమా కంపెనీలు తప్పుకునే వీలు కూడా తగ్గింది. కానీ పెద్ద లారీకి, టిప్పర్‌కు, కంటైనర్‌కు ఇది వర్తించదు. నిలకడైన సంపాదన ఎక్కువగా ఉన్నది ఆ పెద్ద బండ్ల మీదే.

మరి పెద్ద బండి ఎక్కడ నేర్చుకోవాలి? 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం భారీ వాహన శిక్షణ ఆరు వారాల్లో 38 గంటలు. తరగతి పాఠం, సిమ్యులేటర్, ట్రాక్ మీద సాధన అన్నీ ఉండాలి. అక్కడ పాసైనవాళ్లకు రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. కాగితం మీద మంచి ఏర్పాటే. కానీ అలాంటి కేంద్రం పెట్టాలంటే మైదాన ప్రాంతంలో కనీసం రెండెకరాల స్థలం కావాలి, పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడిని ఫీజు రూపంలో రాబట్టుకోవాలనుకునే ప్రైవేటు సంస్థ నడిగడ్డలో ఎందుకు పెడుతుంది? తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఉంది. అయిజ నుంచి అక్కడికి 300 కిలోమీటర్లకు పైనే. ఆరు వారాలు కూలి మానుకుని అంత దూరం పోవడం, అక్కడ ఉండడం ఎవరికి సాధ్యమో చెప్పనక్కర్లేదు.

కాబట్టి నడిగడ్డ దళిత కుర్రాళ్లకు మిగిలేది పాత బడే: క్లీనర్‌గా చేరి ఉస్తాద్ దగ్గర నేర్చుకోవడం. తాడు బిగించడం, పట్టా కప్పడం, జాకీ పెట్టి టైరు విప్పడం, రివర్సులో వెనక నిలబడి దారి చూపడం, రాత్రి లోడుకు కాపలా కాయడం, స్టవ్వు వెలిగించి వంట చేయడం. ఇవన్నీ చేస్తే ఎప్పుడో ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ చేతికొస్తుంది. ఆ శిష్యరికానికి కాలపరిమితి లేదు, సర్టిఫికెట్ లేదు, చాలాచోట్ల లెక్కలో రాసే జీతమూ లేదు. ఇద్దరు మనుషులు రోజుల తరబడి ఒకే క్యాబిన్‌లో పడుకుని, ఒకే గిన్నెలో వండుకుని తినాల్సిన పని ఇది. అందుకే ఇక్కడ కులం ప్రశ్న పని మొదలవకముందే వస్తుంది. "ఏ ఊరు, ఎవరోళ్లు" అని అడగడంలోనే సగం వడపోత అయిపోతుంది. ఉస్తాద్ వద్దంటే చెప్పుకోవడానికి ఆఫీసు లేదు, సాక్ష్యం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, కులం పేరుతో వృత్తి, ఉద్యోగం చేసుకోకుండా అడ్డుకోవడాన్ని నేరంగా గుర్తించింది. కానీ రాతపూర్వకంగా ఇవ్వని ఉద్యోగాన్ని నిరాకరించినట్టు రుజువు చేయడం ఎలా?

బండికీ కులానికీ ఉన్న సంబంధాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ తన ఒంటి మీదే అనుభవించారు. 1929లో ఆయన చాలీస్‌గావ్‌లో దిగినప్పుడు, అంటరానివాడిని ఎక్కించుకుని టాంగా తోలడానికి తోలేవాళ్లెవరూ ఒప్పుకోలేదు. బండి అద్దెకు దొరికింది, తోలే మనిషి దొరకలేదు. మహర్‌వాడ నుంచి వచ్చిన ఒకరు పగ్గాలు పట్టారు. ఆయనకు ఆ పని అలవాటు లేదు. దారిలో టాంగా ప్రమాదానికి గురై, అంబేద్కర్ కాలు విరిగింది. తోలడం రాకపోవడం ఆ మనిషి తప్పు కాదు. ఆ పని నేర్చుకునే అవకాశం ఆ వాడకు లేకుండా చేసిన సమాజానిది ఆ తప్పు. బండి ఒక్కటే చేతికొస్తే చాలదని, నడిపే విద్య కూడా మన చేతిలో ఉండాలని ఆ ఘటన చెబుతుంది.

ఈ పాఠం ప్రభుత్వ పథకాలకు ఎక్కినట్టు లేదు. 2021లో మొదలైన దళితబంధులో కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చినప్పుడు చాలామంది ఎంచుకున్నది వాహనాలనే. కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా బండ్లు తీసుకున్నారు. ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తరతరాలుగా కాలినడకన బతికినవాళ్లు బండి కోరుకోవడం న్యాయమే. కానీ చర్చంతా యూనిట్ విలువ చుట్టూ, లబ్ధిదారుల జాబితా చుట్టూ తిరిగింది. ఆ బండిని నడిపే నైపుణ్యం, లైసెన్సు, కిరాయిలు తెచ్చుకునే సంబంధాలు ఎలా వస్తాయన్నది వెనకబడింది. ఇంట్లో డ్రైవర్ లేకపోతే డ్రైవర్ జీతం, కిస్తీలు, రిపేర్లు పోగా యజమానికి మిగిలేది తక్కువ.

ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరా ఇదే లెక్క. 2025 సెప్టెంబర్‌లో ఆర్టీసీలో 1,000 డ్రైవర్, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చి 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా పంచబడింది. దశాబ్దాల పోరాటం ఫలితం అది. అయితే డ్రైవర్ పోస్టుకు దరఖాస్తు చేయాలంటే ముందు చేతిలో సరైన లైసెన్సు ఉండాలి, పదో తరగతి ఉండాలి. క్లీనర్‌గానే ఆగిపోయిన కుర్రాడికి ఏ శాతమూ అక్కరకు రాదు.

రోడ్డెక్కాక రక్షణ ఎంత? 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అంది. కానీ అది ఐదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీలున్న యజమానుల దగ్గర పనిచేసేవాళ్లు అప్పుడే బయట ఉన్నారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. బయట మిగిలేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఉస్తాద్‌కు నిద్ర ముంచుకొచ్చినప్పుడు లైసెన్సు లేని క్లీనరే స్టీరింగ్ పడితే, ఏమైనా జరిగినప్పుడు కేసు మీద పడేది ఆ పిల్లవాడి నెత్తినే.

మా వాదన సూటిగా ఇది. డ్రైవింగ్ శిక్షణను వ్యక్తిగత ఖర్చుగా కాక, సామాజిక న్యాయంలో భాగంగా చూడాలి. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఖర్చు కాని నిధులు తర్వాతి ఏడాదికి మళ్లాలి. ఆ నిధితో అయిజ, ఎర్రవల్లి పరిసరాల్లో ప్రభుత్వమే గుర్తింపు పొందిన కేంద్రం పెట్టాలి. రెండెకరాలు ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. ఆరు వారాలకు కూలి నష్టపోకుండా స్టైపెండ్, వసతి, లైసెన్సు ఫీజులు ఇవ్వాలి. చదవలేనివాళ్లకు పాఠాన్ని తెలుగులో నోటితో, బొమ్మలతో చెప్పాలి. ఇప్పటికే క్లీనర్లుగా ఉన్నవాళ్లను నమోదు చేసి, వాళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని శిక్షణలో ముందు వరుస ఇవ్వాలి. ఇకమీదట ఏ పథకంలో వాహనం ఇచ్చినా, శిక్షణ పూర్తయ్యాకే తాళం చెవి ఇవ్వాలి.

మహిళలను కూడా ఈ లెక్కలో చేర్చాలి. నల్లగొండ ప్రాంతపు తండా నుంచి వెళ్లిన లంబాడా మహిళ సరిత 2015లోనే ఢిల్లీలో ప్రభుత్వ బస్సు నడిపింది. నడిగడ్డ ఆడపిల్లలకు చేను తప్ప మరో దారి లేదనే మాటను మేము ఒప్పుకోం.

అలంపూర్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అయిజ అందులోనే ఉంది. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ అభ్యర్థినీ అయిజ వాడల్లో ఒకే ప్రశ్న అడగాలి: మా పిల్లలు ఇంకెన్నాళ్లు క్లీనర్లుగా ఉండాలి?